క్లబ్బులో చేరండి, కుర్చీలు వేయడానికి కాదు

కంప్యూటర్ సైన్సు విద్యార్థి క్లబ్బు అంటే ఏమిటి? నాలుగు పోస్టర్లు, రెండు గ్రూప్ ఫొటోలు, ఒక సర్టిఫికెట్. అంతేనా? చాలా క్యాంపస్‌లలో అంతే. అందుకే తల్లిదండ్రులు ‘క్లబ్బులెందుకు, మార్కులు చూసుకో’ అంటున్నారు. మేము మాత్రం చేరమనే అంటాం. నెల్లూరు తీరం నుంచి వచ్చి కాకుటూరులోని విక్రమ సింహపురి విశ్వవిద్యాలయంలోనో, మరో ఇంజనీరింగ్ కాలేజీలోనో సీటు తెచ్చుకున్న పిల్లలైతే అందరికన్నా ముందు చేరాలంటాం. ఎందుకో చెబుతాం.

నలుగురు కూర్చుని నేర్చుకుంటే ఏమవుతుందో నెల్లూరుకు ఎవరూ చెప్పనక్కర్లేదు. 1990ల ఆరంభంలో ఆ జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం నడిచింది. రాత్రి బడికి పోయిన ఆడవాళ్లు అక్షరాలతో పాటు తమ బతుకుల్ని కూడా చదువుకున్నారు. కూలి డబ్బులు ఎటు పోతున్నాయో లెక్క కట్టారు. దూబగుంటలో సారా మీద తిరగబడ్డారు. 1993లో రాష్ట్రమంతా సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్య నిషేధం వచ్చాయి. ఆ మద్య నిషేధాన్ని 1997లో పాలకులే ఎత్తేశారు, అది వేరే కథ. కలిసి చదువుకోవడంలో ఎంత బలం ఉందో ఆ పలకలు రుజువు చేశాయి. ధర్నా టెంటు కింద ఒకరికొకరం పాఠాలు చెప్పుకున్న మాకు ఇది కొత్త సంగతి కాదు.

కంప్యూటర్ చరిత్ర కూడా ఇదే చెబుతుంది. 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ ప్రాజెక్టును ప్రకటించాడు. 1991లో హెల్సింకి విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్న లినస్ టోర్వాల్డ్స్ లినక్స్‌ను నలుగురి ముందు పెట్టాడు. తెలిసినవాళ్లు, తెలియనివాళ్లు తలో చెయ్యి వేశారు. మన దగ్గర స్వేచ్ఛ సాఫ్ట్‌వేర్ ఉద్యమంలో పనిచేసిన ఇంజనీరింగ్ విద్యార్థులు తెలుగులో నడిచే లినక్స్‌ను తయారు చేశారు, కాలేజీల్లో లినక్స్ యూజర్ గ్రూపులు పెట్టారు. వీళ్లెవరూ సర్టిఫికెట్ కోసం కూర్చున్నవాళ్లు కాదు.

చేరేముందు మాత్రం కొన్ని ప్రశ్నలు అడగండి. మొదటిది: ఈ క్లబ్బు ఎవరిది? పెద్ద కంపెనీ పేరు పెట్టుకున్న క్లబ్బులో చేరడం తప్పు కాదు. కానీ పేరు వాళ్లది, శ్రమ మీది అయితే పెత్తనం ఎవరిదో తెలుసుకోవాలి. ఎక్కడో ఉన్న హెడ్డాఫీసు పథకం మార్చేస్తే మీ క్లబ్బు బతుకుతుందా? నియమాలు రాసుకునేది, బాధ్యుల్ని ఎన్నుకునేది సభ్యులే అయితే అది సంఘం. కాకపోతే ప్రచార శాఖ.

రెండో ప్రశ్న: కీబోర్డు ఎవరి చేతిలో ఉంది? సీనియర్లు వేదిక మీద, జూనియర్లు కుర్చీలు మోస్తూ ఉంటే అది క్లబ్బు కాదు, చిన్న జమీందారీ. 1979 ఆగస్టులో శ్రీహరికోట నుంచి లేచిన ఎస్ఎల్‌వీ-3 సముద్రంలో పడిపోయింది. అప్పుడు పత్రికల ముందు నిలబడి బాధ్యత తన మీద వేసుకున్నది ఇస్రో ఛైర్మన్ సతీష్ ధావన్. 1980 జులై 18న ప్రయోగం గెలిచినప్పుడు మాట్లాడమని ముందుకు పంపింది అబ్దుల్ కలాంను. కలాం పలుమార్లు చెప్పిన సంగతి ఇది. సీనియర్ అంటే అట్లా ఉండాలి. పరీక్షలో తప్పు చేస్తే మార్కులు పోతాయి. తప్పు చేసి దిద్దుకునే చోటు ఒకటుండాలి, అదే క్లబ్బు. ఇంకో మాట. గిట్ అనే పనిముట్టు మొదటిరోజే నేర్చుకోండి. ఎవరు ఏ వరుస రాశారో అందులో పేరుతో, తేదీతో నమోదవుతుంది. మీ కష్టం ఇంకొకరి ఖాతాలో పడకుండా అదే సాక్ష్యం.

మూడోది భాష. తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్ల వెనక బెంచీలో నోరు మూసుకుని కూర్చుంటుంది. తెలివి లేక కాదు, ఇంగ్లీషు రాక. పైథాన్ భాషలో తప్పక నేర్చుకోవాల్సిన ప్రత్యేక పదాలు 35. దూబగుంట అక్కలు నడివయసులో 56 అక్షరాలు దిద్దుకున్నారు, మన పిల్లలు 35 మాటలు నేర్చుకోలేరా? పైథాన్ 3లో చలరాశులకు తెలుగు లిపిలోనే పేర్లు పెట్టుకోవచ్చు కూడా. ఇంగ్లీషు నేర్చుకోవాల్సిందే, కాదనం. కానీ అర్థం కావడం ముందు, ఇంగ్లీషు తర్వాత. క్లబ్బులో పాఠం తెలుగులో చెప్పమని అడగండి. అడగడం చిన్నతనం కాదు, హక్కు.

నాలుగోది వేళ. క్లబ్బు మీటింగు రాత్రి ఎనిమిదింటికి పెడితే ఆడపిల్లల హాస్టల్ గేటు అప్పటికే పడిపోతుంది. ఆఖరి బస్సుకు ఊరు చేరాల్సిన పిల్లడూ రాలేడు. తర్వాత ‘అమ్మాయిలకు ఆసక్తి లేదు, పల్లెటూరి వాళ్లకు చొరవ లేదు’ అంటారు. లేనిది ఆసక్తి కాదయ్యా, మీటింగు పెట్టినవాళ్లకు సోయి. పగటిపూట ల్యాబ్ తెరిపించండి. సొంత ల్యాప్‌టాప్ లేనివాళ్లకు మొదటి కుర్చీ ఇవ్వండి.

ఇక చేసే పని. ఎవరికీ అక్కరలేని ఆప్‌లు చేసి బహుమతులు పంచుకోవడం చాలు. 2010లో హైతీలో భూకంపం వచ్చినప్పుడు ఎక్కడెక్కడి ఔత్సాహికులో ఇళ్లలో కూర్చుని ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో పోర్ట్-ఓ-ప్రిన్స్ వీధులు గీశారు. సహాయ బృందాలు ఆ పటం పట్టుకునే తిరిగాయి. 1989 నవంబరులో కావలి దగ్గర తుపాను తీరం దాటింది, 2004 డిసెంబరులో సునామీ వచ్చింది. మైపాడు, ఇస్కపల్లి, తుమ్మలపెంట పాళేలలో ఏ సందు ఎటు పోతుందో, తుపాను షెల్టరు ఎక్కడుందో గీయడానికి హైతీ నుంచి ఎవరైనా రావాలా? ఆ ఊళ్ల పిల్లలే గీయాలి. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ అలల ఎత్తు ఎంతో, చేపలు ఎక్కడ దొరికే వీలుందో చెబుతూనే ఉంటుంది. ఆ మాట జువ్వలదిన్నెలో బోటు ఎక్కే మనిషి దాకా చేరుతోందా అని పోయి అడగండి. చేరకపోతే చేర్చే దారి కట్టండి. అదీ ప్రాజెక్టంటే.

మరి ఉద్యోగం సంగతి? అని తండ్రి అడుగుతాడు. అడగాలి కూడా, ఫీజు కట్టింది ఆయన. ‘ఏం చేశావు’ అని ఇంటర్వ్యూలో అడిగితే సర్టిఫికెట్ల కట్ట విప్పేవాడికన్నా, నడుస్తున్న పనిని చూపించి ఎక్కడ తప్పిందో, ఎట్లా దిద్దానో చెప్పేవాడి మాటకు బరువెక్కువ. ఉద్యోగం వస్తుందని మేము హామీ ఇవ్వం. చేతికి పని వస్తుంది, నోటికి ప్రశ్న వస్తుంది. అవి రెండూ వచ్చినవాడిని ఎవరూ ఎక్కువకాలం వెనక బెంచీలో కూర్చోబెట్టలేరు.

అందుకే చెల్లెళ్లూ, తమ్ముళ్లూ, చేరండి. క్లబ్బు బాగుంటే బలపరచండి. బాగాలేకపోతే లోపలికి పోయి నిలదీయండి. అసలే లేకపోతే అయిదుగురు కలిసి ఒక చెట్టు కింద మొదలుపెట్టండి.