పాత చిత్రమునకు క్రొత్త వెలుగు

పుస్తకమును మరల చదివినవారిని లోకము మెచ్చుకొనును; చలనచిత్రమును మరల చూచినవారిని మాత్రము కాలము వృథా చేయుచున్నారని నిందించును. ఈ నింద అన్నివేళల న్యాయము కాదని మా అభిప్రాయము. బాల్యమున మనసు దోచుకొన్న చిత్రమును పెద్దవారమైన పిమ్మట మరల చూచినచో, ఆ చిత్రము ఎట్టిదో కొంత తెలియును. మనము ఎట్టివారమైతిమో మరికొంత తెలియును. గడచిన వేసవి సెలవులలో మాకు అట్టి అనుభవము కలిగినది. దానిని విద్యార్థులకును, తల్లిదండ్రులకును చెప్పవలెనని ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మేము చూచిన చిత్రము “మోసగాళ్లకు మోసగాడు”. 1971లో పద్మాలయా సంస్థ దీనిని నిర్మించినది. దర్శకుడు కె.యస్.ఆర్. దాస్; నాయకుడు కృష్ణ; నాయిక విజయనిర్మల; ఛాయాగ్రాహకుడు వి.యస్.ఆర్. స్వామి, సంగీతము పి. ఆదినారాయణరావు. గుఱ్ఱములు, తుపాకులు, ఎచటనో దాచిన నిధి, దానికై ఒకరినొకరు వెంటాడు మోసగాండ్రు - ఇదియే కథ. కౌబాయి చిత్రముల ఒరవడిలో మన దేశమున వెలువడిన తొలి చిత్రమని దీనికి పేరు. ఎడారి దృశ్యముల కొఱకు చిత్రబృందము రాజస్థానమునకు పోయినది. ఇది తమిళములోనికిని, హిందీలోనికిని మారినది. ఆంగ్లమున “ట్రెజర్ హంట్” అను పేర వెలువడినది.

మేము దీనిని మొదట గుడియాత్తమున తమిళములో చూచితిమి. తెలుగులో చూడవలెనన్నచో చిత్తూరు బస్సు ఎక్కవలసియుండెను. ఇది మన ప్రాంతమునకు క్రొత్త కాదు. 1911 వరకు చిత్తూరును, గుడియాత్తమును, రాయవేలూరును ఒకే ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండెడివి. నాడు గీచిన జిల్లా గీత తరువాత రాష్ట్రముల సరిహద్దు అయినది. మన బంధువులు గీతకు ఆవలనుండిరి. మన తెలుగు చిత్రములును పలుమారులు గీతకు ఆవలనే ఆడినవి. మరల చూచినప్పటి ప్రతి అరిగిపోయి, వాన కురిసినట్లు గీతలతో నిండియుండెను. ఆ పిమ్మట ఇంటికి వచ్చిన వీడియో టేపులలోను, బిళ్ళలలోను ఎడారి ఇసుక ఇటుకపొడివలె కనబడుచుండెను.

దీనికి కారణము కలదు. ఆనాటి ఈస్ట్‌మన్ కలర్ ప్రతులలో నీలి ఆకుపచ్చ వన్నె ముందుగా వెలిసిపోవును, ఎఱుపు మిగులును. ఫిల్ము చెడుచున్నకొలది పులిసిన కాడివాసన వచ్చును. చిత్రమును పునరుద్ధరించువారు మిగిలిన నెగటివును శుభ్రపరచి, ఒక్కొక్క బొమ్మను యంత్రముతో గ్రహించి, గీతలు మాన్పి, వన్నెలు సరిచేయుదురు. క్షణమునకు 24 బొమ్మల చొప్పున రెండున్నర గంటల చిత్రమున 2,16,000 బొమ్మలు ఉండును. ఈ లెక్క చూచినచో ఆ శ్రమ ఎంతటిదో తెలియును. కృష్ణ 2022 నవంబరు 15వ తేదీన కన్నుమూసిరి. మరుసటి యేట వారి జయంతి దినమైన మే 31న ఈ చిత్రము 4కె రూపమున థియేటర్లకు మరల వచ్చినది. ఇట్లు మెరుగుపడిన పాత చిత్రములు నేడు ఇంటి తెరకును చేరుచున్నవి.

మెరుగుపెట్టుట వేఱు, మార్చుట వేఱు అని ఇచట చెప్పవలసియున్నది. తెలుగులో తొలి సినిమాస్కోపు చిత్రము 1974 నాటి “అల్లూరి సీతారామరాజు”. అంతకు మూడేండ్ల ముందటిది గనుక ఈ చిత్రపు బొమ్మ వెడల్పు తక్కువ. నేటి వెడల్పాటి టెలివిజను నిండవలెనని ఇట్టి బొమ్మను పైనను క్రిందను కోయుదురు. గుఱ్ఱపు కాళ్ళు, మనుష్యుల తలలు తెగిపోవును. తెర ప్రక్కల నలుపు మిగిలినను మిగులనిండు. స్వామివారు చూపదలచినదానిని పూర్తిగా చూడనిండు.

ఇక చిత్రము మాటకు వత్తము. బాల్యమున మమ్ము ఆకర్షించినవి గుఱ్ఱపు స్వారీయు, తుపాకి మ్రోతయు. ఇప్పుడు చూడగా, మనుష్య ప్రాణము ఇందులో మిక్కిలి చౌకగా పోవుచున్నదని తోచినది. కొన్ని ఘట్టములు పాశ్చాత్య చిత్రములకు దగ్గరి చుట్టములని తెలిసినది. ఈ లోపములను దాచవలసిన పనిలేదు. ప్రియమైనదానిలోని కొఱతను గుర్తించుట ద్రోహము కాదు. నాడు మేము గమనింపని గుణమొకటియు కనబడినది. అది మాట. నక్కజిత్తుల నాగన్నగా నాగభూషణము పలికిన పలుకులలోని వంకరయు, కొంటెతనమును తెలుగు చెవికే పూర్తిగా అందును. తమిళములో చూచిన నాడు మేము కథను పొందితిమి గాని, ఈ రుచిని పొందలేదు.

ఆ రచన ఆరుద్రగారిది. “సమగ్ర ఆంధ్ర సాహిత్యం” అను బృహత్తర చరిత్రను సంపుటములుగా వ్రాసిన ఆరుద్రగారే ఈ గుఱ్ఱపు రౌతుల కథకును కలము పట్టిరి. పండితుడు వినోదమును చిన్నచూపు చూడలేదు. వినోదమునందును భాషను చిన్నబుచ్చలేదు.

ఆ పేరు తెరపై కనబడినప్పుడు జరిగినది చెప్పెదము. మా ప్రక్కన ఇద్దరు పిల్లలు కూర్చుండిరి. ఒకడు తెలుగు మాధ్యమమున ఏడవ తరగతి చదువువాడు. రెండవవాడు ఆంగ్ల మాధ్యమమున చదువు వాని పినతండ్రి కుమారుడు. పేర్లు పడుచుండగా మొదటివాడు “ఆరుద్ర” అని బిగ్గరగా చదివెను. రెండవవాడు, “అన్నా, ఆడ ఏం రాసుండారు?” అని అడిగెను. చిత్రము సాగినంతసేపు నాగన్న మాటలకు అందరికంటె ముందు నవ్వినది ఆ రెండవవాడే! వానికి తెలుగు రాదనుటకు వీలులేదు. చెవికి వచ్చినది కంటికి రాలేదు, అంతియే.

తల్లిదండ్రులు ఈ “అంతియే” అను మాటను తేలికగా తీసికొనరాదని మా మనవి. 2006 నాటి చట్టము ప్రకారము ఈ రాష్ట్రమున 2006-07లో ఒకటవ తరగతితో మొదలై, యేటేటా ఒక్కొక్క తరగతి చొప్పున తమిళము తప్పనిసరి పాఠ్యభాష అయినది. తమిళము నేర్చుటను మేము ఎంతమాత్రము కాదనము. ఈ నేల మనకు అన్నము పెట్టినది. ఈ భాష మన ఇరుగుపొరుగుల భాష. తమిళము వచ్చుట లాభమే. కాని దానికి బదులుగా తెలుగు అక్షరమును వదలుకొమ్మని ఎవరును అడుగలేదు. మనమే పని ఒత్తిడిలో ఇంట నేర్పుట మానుచున్నాము.

పోయినదెల్ల తిరిగి రాదు. హెచ్.ఎం. రెడ్డిగారు 1931లో తీసిన “కాళిదాస్” చిత్రమున తమిళమును, తెలుగును రెండును వినిపించినవి. మనవంటి రెండు భాషల ఇండ్లకు అంతకంటె దగ్గర చిత్రము వేఱొకటి కలదా? నేడు దాని ప్రతి లేదు. వారే తీసిన తొలి పూర్తి తెలుగు టాకీ, 1932 నాటి “భక్త ప్రహ్లాద”, అదియును లేదు. నెగటివు మిగిలినందుననే “మోసగాళ్లకు మోసగాడు” మనకు మరల దక్కినది. ఏ యంత్రమైనను మిగిలినదానికే మెరుగుపెట్టగలదు.

కావున మా సూచన ఇంతియే. ఇంట పాత తెలుగు చిత్రమును చూచునపుడు పేర్లు పడు భాగమును త్రోసివేయకుడు. పిల్లలచేత వానిని బిగ్గరగా చదివింపుడు. ఆ చిత్రమును తాము ఏ ఊర, ఏ భాషలో చూచిరో పెద్దలు చెప్పవలెను. మన పాఠశాల విద్యార్థులు అక్షరము రాని తమ్ములను, చెల్లెండ్రను ప్రక్కన కూర్చుండబెట్టుకొని రోజునకు రెండు అక్షరములు దిద్దింపవలెను. మా ఇంట ఆ పని ప్రారంభమైనది. చిత్రము ముగిసిన రాత్రియే ఆ బాలుడు పలకపై “ఆ” వ్రాసినాడు, “రు” వ్రాసినాడు, “ద్ర” దగ్గర ఆగినాడు. వచ్చు సెలవులలోపల అదియును వచ్చునని మా నమ్మకము.