పిట్టగోడ, సాక్షి



ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయం 8వ వచనంలో ఒక చిన్న ఆజ్ఞ ఉన్నది. కొత్త ఇల్లు కట్టుకునేవాడు మిద్దె చుట్టూ పిట్టగోడ కట్టాలి. అది లేక ఎవరైనా పడి చనిపోతే ఆ దోషం ఇంటి మీదికి వస్తుంది. పడినవాడే జాగ్రత్తగా ఉండవలసింది అని చెప్పి తప్పుకోవడానికి యజమానికి వీలులేదు. ఈ మాట చదివినప్పుడెల్లా మాకు బంగ్లాదేశ్ గుర్తుకు వస్తుంది.

2013 ఏప్రిల్ 24న ఢాకా దగ్గర సావార్‌లో రాణా ప్లాజా అనే ఎనిమిది అంతస్తుల భవనం కూలిపోయింది. 1,134 మంది చనిపోయారు. దాదాపు 2,500 మంది గాయపడ్డారు. వారిలో ఎక్కువమంది కుట్టుమిషన్ల మీద పనిచేసే స్త్రీలు. ముందురోజే భవనం పగుళ్లిచ్చింది. కింది అంతస్తుల్లోని బ్యాంకు, దుకాణాలు మూసివేశారు. పైనున్న బట్టల ఫ్యాక్టరీల వారిని మాత్రం మర్నాడు పనిలోకి రమ్మన్నారు. రాకపోతే జీతం పోతుందని బెదిరించారు.

అక్కడ కుట్టిన బట్టలు విదేశాలలోని పెద్ద దుకాణాలకు వెళ్లేవి. కార్మికుల హక్కులను కాపాడతామని రాసిన నియమాలు ఆ కంపెనీలలో చాలావాటికి అప్పటికే ఉన్నాయి. కొన్ని ఫ్యాక్టరీలలో తనిఖీలు కూడా జరిగాయి. కానీ ఆ తనిఖీలలో భవనం గట్టిదనాన్ని పరీక్షించలేదు. కాగితం మీద పిట్టగోడ ఉంది, మిద్దె మీద లేదు.

అదే సంవత్సరం స్వీడన్ దేశపు హెచ్ అండ్ ఎమ్ అనే బట్టల కంపెనీ రెండు వాగ్దానాలు చేసింది. రాణా ప్లాజాలో దాని బట్టలు కుట్టలేదు గాని, బంగ్లాదేశ్ నుండి బట్టలు కొనే కంపెనీలలో అదే పెద్దది. ఆ రెండు వాగ్దానాలను పక్కపక్కన పెట్టి చూద్దాం.

మొదటిది మే నెలలో చేసింది. భవనాల భద్రత, అగ్నిప్రమాదాల నివారణ గురించి కార్మిక సంఘాలతో కుదిరిన ఒప్పందం మీద సంతకం చేసింది. తరువాత 200కు పైగా కంపెనీలు అందులో చేరాయి. ఈ ఒప్పందం చట్టబద్ధమైనది. తనిఖీ చేసేవారు కంపెనీ మనుషులు కారు. చూసినది అందరికీ తెలిసేలా ప్రకటించాలి. మాట తప్పిన కంపెనీని కార్మిక సంఘాలు మధ్యవర్తుల ముందు నిలబెట్టవచ్చు. అలా నిలబెట్టిన ఒక కంపెనీ 2018లో 23 లక్షల డాలర్లు ఇవ్వడానికి ఒప్పుకున్నది. ఈ ఒప్పందం క్రింద 1,600కు పైగా ఫ్యాక్టరీలను పరీక్షించారు. మరమ్మతులు చాలాచోట్ల గడువు దాటాయి, అది నిజమే. అయినా తలుపులు మారాయి, స్తంభాలు బలపడ్డాయి. ప్రమాదమని తోచిన పనిని కాదనే హక్కు కార్మికులకు వచ్చింది. 2023 నుండి పాకిస్తాన్‌లో కూడా ఇటువంటి ఏర్పాటు మొదలైంది.

రెండవ వాగ్దానం నవంబరులో చేసింది. 2018 నాటికి తన ముఖ్యమైన సరఫరాదారుల దగ్గర, సుమారు 8,50,000 మంది కార్మికులకు, బ్రతకడానికి చాలినంత న్యాయమైన జీతం ఇచ్చే పద్ధతి వచ్చేలా చూస్తామన్నది. మాట మంచిదే. కానీ ఈ మాటకు సంతకం చేసిన రెండవ పక్షం లేదు. నెరవేరిందో లేదో తేల్చవలసింది కంపెనీయే. 2018 రానే వచ్చింది. ఫ్యాక్టరీలలో జీతాల పద్ధతులు ఏర్పడ్డాయని, కార్మికుల ప్రతినిధులు ఎన్నికయ్యారని కంపెనీ చెప్పింది. బల్గేరియా, టర్కీ, ఇండియా, కంబోడియా దేశాల కార్మికులతో మాట్లాడిన క్లీన్ క్లోత్స్ క్యాంపెయిన్ అనే సంస్థ మాత్రం, వారి చేతికి చాలినంత జీతం రాలేదని చెప్పింది.

కంపెనీ ఒకటే, సంవత్సరం ఒకటే. ఒక వాగ్దానానికి సాక్షులున్నారు, రెండవదానికి లేరు.

నెహెమ్యా గ్రంథం 5వ అధ్యాయం చూడండి. బీదల పొలాలను, పిల్లలను అప్పుల క్రింద పట్టుకున్న ప్రధానులు, అన్నీ తిరిగి ఇచ్చేస్తామని ఒప్పుకున్నారు. నెహెమ్యా ఆ మాటతో ఊరుకోలేదు. యాజకులను పిలిపించి వారి ముందు ప్రమాణం చేయించాడు. ఆ ప్రధానులు అబద్ధికులని కాదు. మంచి మనస్సుతో ఇచ్చిన మాట కూడా లాభం తగ్గే రోజున బలహీనమవుతుందని ఆయనకు తెలుసు. చెప్పినట్లే జరిగిందని ఆ అధ్యాయమే సాక్ష్యమిస్తున్నది.

పండుగకు కొత్త బట్టలు కొనేటప్పుడు, వీటిని కుట్టిన చేతులకు ఏమి దక్కిందని అడగడం క్రైస్తవ కుటుంబానికి తగిన పని. అయితే ఈ కొలత కంపెనీలకు మాత్రమే కాదు. మన ఇంట్లో అంట్లు తోమే అమ్మకు వచ్చే నెల నుండి జీతం పెంచుతామని ఎన్ని నెలలుగా చెబుతున్నాము? మన సంఘంలో గుడి ఊడ్చే సహోదరికి, రాత్రి కాపలా కాసే పెద్దాయనకు ఏమిస్తున్నామో ఎవరైనా లెక్క అడుగుతున్నారా? కూలివాని జీతం ప్రొద్దు గ్రుంకకముందే ఇవ్వాలని ధర్మశాస్త్రం చెప్పింది. బిగబట్టిన కూలి మొరపెడుతుందని, ఆ మొర ప్రభువు చెవులకు చేరుతుందని యాకోబు రాశాడు.

కనుక ఈ నెల ఒక పని చేద్దాం. పెంచదలచిన జీతం ఎంతో, ఏ తేదీ నుండో, కుటుంబ ప్రార్థన వేళ పిల్లలందరూ వినగా చెబుదాం. ఆ అమ్మ ముందే చెబుదాం. సంఘంలోనైతే కమిటీ పుస్తకంలో రాయిద్దాం. మరచిపోతే అడిగే హక్కు వారికిద్దాం. మన మాటకు సాక్షిని నిలబెట్టుకోవడం అవమానం కాదు. అది మన మిద్దె చుట్టూ మనం కట్టుకునే పిట్టగోడ.

అట్టి నమ్మకత్వం ప్రభువు మన ఇండ్లకును, మన సంఘములకును అనుగ్రహించును గాక. ఆమేన్.