రాచపుండు జాడ

వ్యాధి యెంతవఱకు ప్రాకినదో తెలియక చేయు చికిత్స చీకటిలో విసరిన రాయి. పురుషులకు వార్ధక్యమున సంభవించు ప్రోస్టేటు గ్రంథి రాచపుండు విషయమున నీమాట మఱింత సత్యము. అది గ్రంథిలోనే యున్నచో శస్త్రచికిత్సచేతనో కిరణచికిత్సచేతనో నిర్మూలింపవచ్చును. ఎముకలకు ప్రాకిన పిమ్మట మార్గము వేఱు.

ఈ వ్యాధికణములపై పి.ఎస్.ఎం.ఎ. యను మాంసకృత్తు విస్తారముగా నుండును. దానిని పట్టుకొను ద్రవ్యమునకు గాలియము-68 గాని ఫ్లోరిను-18 గాని చేర్చి రక్తనాళమున నెక్కించినచో, పెట్ స్కానునందు వ్యాధి దాగిన చోటు వెలుగుచుక్కవలె గానవచ్చును. ఆస్ట్రేలియాలో 302 మంది రోగులపై జరిపి 2020లో ప్రకటించిన పరీక్షయందు ఈ నూతనపద్ధతి నూటికి 92 పాళ్లు సరిగా జెప్పగా, పాత సి.టి., ఎముకల స్కానులు 65 పాళ్లే చెప్పినవి.

అయినను గాలియము 68 నిమిషములలో, ఫ్లోరిను 110 నిమిషములలో సగమైపోవును. ఇవి కొట్లలో నిలువయుంచి యమ్మదగిన సరకులు కావు; తయారగు చోటును యంత్రమును దగ్గఱదగ్గఱగా నుండవలెను. కావుననే యిట్టి వైద్యము నగరములను వదలి రాదు. 2016లో నంద్యాల-యెఱ్ఱగుంట్ల మార్గము తెఱవబడి సంజామలకు రైలుబండి వచ్చినది. బండి రోగిని గొనిపోవును గాని వైద్యమును తోడితేదు. ముదుసలి సేద్యగాడు దారిఖర్చులకు జంకి, ఇది వట్టి నడుమునొప్పి యని యూరకుండుట వింతగాదు.

ప్రాథమికవైద్యమే చాలని చోట నీ విలువైన యంత్రములేల యని కొందఱడుగుదురు. ప్రశ్న న్యాయమైనదే. కాని వ్యాధి ప్రాకినదని ముందే తెలిసినచో నిష్ఫలమగు శస్త్రచికిత్సయు, అందులకగు అప్పును తప్పును గదా! చిత్రము స్పష్టమైనంతమాత్రమున ఆయువు పెరుగునని మేమనము. అది వేఱుగ పరీక్షించి తేల్చవలసినది. ఆ పరీక్షలు మన వైద్యాలయములలో, మన రోగులకు తెలుగున బోధపఱచి, వారి సమ్మతితో జరుగవలెనని మాత్రము మా వాదము.

యెల్లాప్రగడ సుబ్బారావుగారి ప్రయోగశాలనుండి వెడలిన అమినోప్టెరిను పసిపిల్లల రక్తపు రాచపుండును కొంతకాలమణచినదని 1948లో లోకమెఱిగినది. ఆ ప్రయోగశాల అమెరికాలోనిది! తెలుగువాని మేధకు పరదేశమే చోటుగావలసినది. నేడు తెలుగురోగికి నట్టి గతి పట్టరాదు. రాయలసీమ ప్రభుత్వ వైద్యకళాశాలలలో ఈ పరీక్షలకు వలసిన యేర్పాట్లును, పేదరోగులకు దారిఖర్చులును గల్పింపుడని పఠనమందిరములవారు తమ శాసనసభ్యుల నడుగుదురుగాక. అడుగనిదే అమ్మయైన బెట్టదు.