కన్యాశుల్కానికి తలుపు వేసినవాణ్ణి

రుషికొండ ఐటీ కొండ మీద మా గది కిటికీ తెరిస్తే సముద్రం కనబడుతుంది. కనబడుతుందే గాని, సర్వర్లకు కాపలా కాసే ఉద్యోగికి అటువైపు చూసే తీరిక తక్కువ. 2018లో, జీతం కోసం చేసే పనికి తోడుగా, భీమిలి దారిలోని ఒక చిన్న గ్రంథాలయపు వెబ్‌సైటును కూడా ఉచితంగా చూసిపెడుతుండేవాణ్ణి. ఆ సైటుకు నేను చేసిన అపచారాన్ని గురించి, దానివలన నాలో స్థిరపడిన ఒక అభిప్రాయాన్ని గురించి ఈ టపా. సాంకేతిక విషయమని మిత్రులు దాటిపోవద్దని మనవి. తెలుగులో వ్రాసే ప్రతివారికీ ఇందులో వాటా ఉంది.

ఆ ఏడాది ఫిబ్రవరిలో మన అక్షరమొకటి ప్రపంచ వార్త అయిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. ‘జ్ఞా’ను ఒకానొక యూనికోడ్ వరుసలో, నడుమ జీరో విడ్త్ నాన్-జాయినర్ అనే కంటికి కనబడని సంకేతంతో సహా పంపితే, ఐఓఎస్ 11.2.5 ఉన్న ఐఫోనులలో ఆ అక్షరాన్ని చూపబోయిన అప్లికేషనల్లా కూలిపోయేది. ఫిబ్రవరి 19న యాపిల్ సంస్థ 11.2.6 విడుదల చేసి లోపాన్ని సరిదిద్దింది. లోపం అక్షరాన్ని చిత్రించే ప్రోగ్రాములో ఉంది. పత్రికల శీర్షికలు మాత్రం అక్షరమే హంతకురాలన్నట్టు వ్రాశాయి. జ్ఞానానికి ఈ గతి పట్టిందేమిటని మేమూ నవ్వుకున్నాము.

ఆ వార్త చూసి గ్రంథాలయ కార్యదర్శిగారు ఫోను చేశారు. “మన సైటంతా తెలుగేనండీ, ప్రమాదమేమైనా ఉందా?” అన్నారు. ఆ లోపానికీ మా సర్వరుకూ సంబంధమే లేదు. ఆ మాట చెప్పి ఊరుకోవలసింది. కాని కాపలావాడికి భయం అంటించడం సులభం. రూపుచెడిన అభ్యర్థనల సంగతి ఇక తేల్చేద్దామనుకున్నాను.

రూపుచెడిన అభ్యర్థన అంటే ఏమిటో తెలియనివారికి రెండు ముక్కలు. బ్రౌజరు సర్వరును ఒక పుట అడిగేటప్పుడు ఆ అడగడానికి ఒక వ్యాకరణం ఉంటుంది. ఆ వ్యాకరణాన్ని కావాలనే తప్పి అడిగినప్పుడు, వినేవాడు తడబడితే, ఆ తడబాటులోంచి దొంగ దూరుతాడు. 2001 జూలైలో కోడ్ రెడ్ అనే పురుగు చేసినదిదే. మైక్రోసాఫ్టు వెబ్ సర్వరుకు పట్టనంత పొడవైన అభ్యర్థన పంపి, పొంగిపొర్లిన భాగాన్ని ఆజ్ఞగా నడిపించుకుంది. ఆ నెల 19న పద్నాలుగు గంటలలోపు సుమారు 3,59,000 కంప్యూటర్లకు పాకింది. దానికి మందు ఒక నెల ముందే విడుదలై ఉండడం వేరే విషాదం. 2014లో బయటపడిన హార్ట్‌బ్లీడ్ ఇంకా చిత్రమైనది. నాలుగు ముక్కలు పంపి “నేను పంపినది అరవైనాలుగు వేల బైట్లు, తిరిగి అప్పజెప్పు” అంటే, ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ కొలిచి చూసుకోకుండా తన జ్ఞాపకంలోని రహస్యాలను కలిపి మరీ అప్పజెప్పేది.

వీటికంటే మనకు దగ్గరి కథ 2000 నాటిది. పై ఫోల్డరులోకి ఎక్కే దారిని అడ్డుకోవడానికి మైక్రోసాఫ్టు సర్వరు చిరునామాలో చుక్కలనూ, ఏటవాలు గీతనూ వెదికేది. ఒక్క బైటుతో వ్రాయవలసిన ఆ గీతను దొంగలు యూటీఎఫ్-8లో రెండు బైట్లుగా సాగదీసి వ్రాశారు. సర్వరు ముందు తనిఖీ చేసి, తరువాత విప్పి చదివేది. కాబట్టి తనిఖీలో కనబడని గీత లోపలికి వెళ్ళాక గీత అయి కూర్చునేది. మరుసటి ఏడు సెప్టెంబరులో నిమ్డా పురుగు వాడుకున్న దారులలో ఇదొకటి. దీనిని యూనికోడ్ లోపమనే అన్నారు, నేటికీ అంటారు. నా దృష్టిలో అది అన్యాయం. ముందు విప్పి తరువాత చూడవలసినవాడు తలక్రిందులుగా చేశాడు. నింద లిపికి వచ్చింది. అటువంటి సాగతీతను అంగీకరించరాదని 2003 నాటి యూటీఎఫ్-8 ప్రమాణం స్పష్టంగానే చెబుతున్నది.

ఇంత తెలిసిన నేను చేసిన పని చూడండి. మోడ్‌సెక్యూరిటీతో వాడే ఓవాస్ప్ నియమావళిలో అనుమానపు అంచెలు నాలుగున్నాయి. మామూలుగా నడిచే మొదటి అంచె నుండి మూడవదానికి పెంచాను. ఆ అంచెలో ఒక నియమం ఉంది: అభ్యర్థనలో ఇంగ్లీషు కీబోర్డు మీది ఆస్కీ గుర్తులకు బయటిది ఏది వచ్చినా అది చెల్లని గుర్తే. నిద్రపోయే ముందు పరీక్షించాను కూడా. ఇంగ్లీషులో వెదికాను, పనిచేసింది, పడుకున్నాను.

పదకొండవ రోజున భీమిలి నుండి ఒక పెద్దాయన ఫోను. “ఏటి బాబూ, లైబ్రరీలో తెలుగు పుస్తకాలన్నీ తీసీసినారేటి?” అని. ఏమి వెదికారండీ అంటే, కన్యాశుల్కం అన్నారు. సొంతంగా తెలుగులో టైపు చేయడం మనవడి దగ్గర నేర్చుకున్నారట. వచ్చినది అనుమతి లేదనే ఇంగ్లీషు పుట. తనకే అనుమతి లేదనుకున్నారు.

లాగులు తీసి చూస్తే ఆ పదకొండు రోజులూ తెలుగులో అడిగినవారందరికీ 403. ఇంగ్లీషు లిపిలో అడిగినవారికి రాచబాట. ఆయన ఒక్కరే ఫోను చేశారు. మిగిలినవారు తిరిగి రాలేదు. నేను ఆపిన దొంగలెందరో లెక్కవేస్తే, మొదటి అంచెలో ఆగనివాడు ఒక్కడు కూడా కనబడలేదు.

కన్యాశుల్కం మనకు నాలుగక్షరాలు. యూనికోడుకు పదకొండు సంకేతాలు, యూటీఎఫ్-8లో ముప్ఫైమూడు బైట్లు. వెబ్ చిరునామాలోకి ఎక్కేసరికి శాతం గుర్తులతో తొంభైతొమ్మిది. తెలుగు తెలియని కాపలావాడికి అది దొంగ విసిరిన చెత్తలాగే ఉంటుంది. చిరునామా 255 గుర్తులు దాటరాదని ఎవరైనా జాగ్రత్తపరుడు హద్దు పెట్టాడనుకోండి, మనకు దక్కేవి 28 సంకేతాలు. ఇంకొక జాగ్రత్తపరుడు కనబడని గుర్తులన్నీ ఏరివేస్తాడు. దానితో మన పొల్లులు పోయి, ‘సాఫ్ట్‌వేర్’ కాస్తా ‘సాఫ్ట్వేర్’ అవుతుంది.

అందుచేత నా వాదమేమంటే, కాపలా కఠినంగానే ఉండాలి, కాని ఆ కాఠిన్యం వ్యాకరణం మీద ఉండాలి. ఇతరులు తప్పుగా పంపినా ఉదారంగా గ్రహించాలన్న పాతకాలపు ఇంటర్నెట్ మర్యాదను నేను సమర్థించను. అభ్యర్థన పొడవును ముందున్న సర్వరు ఒకలాగ, వెనుకనున్న సర్వరు ఇంకొకలాగ చదివితే, ఆ సందులో మరొక అభ్యర్థనను దాచి పంపగలరు. అపాచీ 2.4.25 నుండి ఇటువంటి వ్యాకరణ దోషాలను తనంతట తానే 400తో త్రిప్పిపంపుతున్నది; పాత ఔదార్యం కోసం దానిని సడలించేవారిని చూస్తే నాకు కోపం. వచ్చినదానిని ఒక్కసారే విప్పాలి, చెల్లే యూటీఎఫ్-8 అవునో కాదో చూడాలి, ఆ తరువాతే లోపల ఏముందో వెదకాలి. చెప్పిన పొడవూ వచ్చిన పొడవూ సరిపోవాలి. మందు విడుదలైన వారంలో వేయాలి. ఓవాస్ప్ నియమావళిలో యూటీఎఫ్-8 సరిచూసే ఏర్పాటు ఉంది, అడిగితే తప్ప పనిచేయదు. నేను అడగవలసినది అది. అడిగినది మరొకటి.

ఆ సాయంత్రమే అంచె తగ్గించి, ఆ ఏర్పాటును తెరిచి, ఈసారి తెలుగులో వెదికి చూశాను. పెద్దాయనకు ఫోను చేసి తప్పు నాదేనని చెప్పాను. ఆయన నమ్మినట్టు లేదు, “పోనీలే బాబూ” అన్నారు. మరునాటి ఉదయం లాగులో తొంభైతొమ్మిది గుర్తుల వరుస ఒకటి, దాని ప్రక్కన 200. దానికి ముందు అదే చిరునామా నుండి రెండుసార్లు ముంగిలి పుట తెరిచి ఊరుకున్న జాడ ఉంది.