జడ్జి కుర్చీ యానాది అవ్వది

2018 నవంబరులో బెజవాడ దగ్గర కృష్ణలో ఎఫ్1హెచ్2ఓ పవర్‌బోట్ల పోటీ జరిగింది. పడవలు రయ్యిమని తిరిగాయి. చూసినవాళ్లకి ఏటి గురించి తెలిసిందేంటి? ఏరు ఉత్త ట్రాక్ అయిపోయింది.

ఇప్పుడు కుర్రాళ్లకి ట్రావెల్ రేసుల మోజు. టీములు, క్లూలు, ఊరికో టాస్క్. మంచిదే. కొండపల్లిలో తెల్ల పొణికి చెక్కతో బొమ్మ, పెడనలో కలంకారీ అచ్చు, కూచిపూడిలో నాలుగు అడుగులు, చివరికి హంసలదీవిలో కృష్ణ సముద్రంలో కలిసేచోట ముగింపు. దారి బాగుంది. కానీ ఈ దారిలో యానాదులు ఎక్కడ?

డెల్టా పొలాల్లో బుట్టలు పెట్టి ఎలుకలు పట్టేది, పంట కాపాడేది వాళ్లు. కాలువల్లో చేప జాడ, మడ అడవుల్లో పీత జాడ తెలిసినవాళ్లు. అయినా మ్యాపులో ఉండరు. ఒకవేళ పెడితే ఎలా పెడతారో కూడా మనకి తెలుసు: ఎలుకని పట్టు, పది పాయింట్లు కొట్టు. రీల్ కోసం, నవ్వుకోడానికి. అండమాన్‌లో టూరిస్టుల ముందు జారవాలని ఆడించిన వీడియో 2012లో దేశమంతా చూసింది కదా!

మిత్రులారా, రేసులు వద్దనట్లేదు. టాస్క్ రాసేముందు యానాది పేటకి వెళ్లి కూర్చోండి. ఏది చూపించాలో, ఏది చూపించకూడదో వాళ్లే చెప్తారు. బురద చూసి ఏ కన్నంలో పీత ఉందో చెప్పడం టాస్క్ అనుకోండి. అక్కడ జడ్జి యానాది అవ్వే. మార్కులు ఆమే వేస్తుంది, మిగతా జడ్జీలతో సమానంగా ఫీజు తీసుకుంటుంది. వద్దంటే ఆ స్టాప్ ఎత్తేయాల్సిందే.

మన బతుకు ఎవరి ఆటకీ బొమ్మ కాదు. గౌరవంగా అడిగితే దారి మనమే చూపిస్తాం.