తలల లెక్క - నేల లెక్క: ఫిజీ నేర్పే పాఠం

ప్రజాస్వామ్యం అంటే తలల లెక్క అని మనందరికీ చిన్నప్పటి నుంచీ నూరిపోశారు. ఎవరు ఎక్కువమంది ఉంటే వారిదే రాజ్యం అన్నది ఊరి పంచాయతీ నుంచి పార్లమెంటు దాకా అందరూ నమ్మే సూత్రం. 2010 నుంచి 2017 మధ్య అమెరికాలో అతి వేగంగా పెరిగిన భాష తెలుగేనని, ఆ పెరుగుదల 86 శాతమని 2018లో ఇక్కడి ఒక పరిశోధనా సంస్థ లెక్క కట్టి చెప్పినప్పుడు మనవాళ్ల సంబరం చూశాం కదా, అది కూడా ఆ నమ్మకంలోంచి పుట్టిందే. "ఇంకో పదేళ్లు ఆగండి, మన సంఖ్య చూసి రాజకీయ నాయకులే మన గుమ్మం తొక్కుతారు" అనే మాట నేను ఎన్ని విందుల్లో విన్నానో లెక్క లేదు.

సంఖ్య బలమే, కాదనటం లేదు. కానీ సంఖ్య ఒక్కటే బలమైతే ఫిజీ దేశపు చరిత్ర ఇంకోలా ఉండాలి. అక్కడ మనవాళ్లు ఒకప్పుడు అందరికన్నా ఎక్కువమంది. అయినా ప్రభుత్వం నిలుపుకోలేకపోయారు, చివరికి ఆ సంఖ్యా నిలవలేదు. ఎందుకలా జరిగింది? పరాయి దేశంలో రాజకీయాలు మాట్లాడే ప్రతి తెలుగువాడూ ఒక్కసారైనా తెలుసుకోవలసిన కథ ఇది.

ముందు అసలు ఈ లెక్క ఎలా మొదలయిందో చూద్దాం. పసిఫిక్ సముద్రంలో మూడు వందలకు పైగా దీవులున్న ఫిజీ 1874లో బ్రిటిష్ వాళ్ల చేతికి వచ్చింది. మరుసటి ఏడాదే తట్టు వ్యాధి సోకి సుమారు నలభై వేల మంది మూలవాసులు చనిపోయారు. అంటే ఇంచుమించు నలుగురిలో ఒకరు! ఆ ఏడే గవర్నరుగా వచ్చిన సర్ ఆర్థర్ గోర్డన్ రెండు నిర్ణయాలు తీసుకున్నాడు. మూలవాసుల భూమిని బయటివాళ్లకు అమ్మకూడదు, మూలవాసులను తోటల్లో కూలికి పెట్టకూడదు. మరి చెరకు తోటలకు కూలీలెవరు? మారిషస్‌లోనూ ట్రినిడాడ్‌లోనూ గవర్నరుగా పనిచేసిన గోర్డన్‌కు జవాబు తెలుసు. 1879లో కలకత్తా నుంచి మొదటి ఓడ వచ్చింది. 1903 నుంచి మద్రాసు రేవు నుంచి కూడా ఓడలు బయలుదేరాయి. 1916 దాకా మొత్తం అరవై వేల మందికి పైగా వచ్చారు. వారిలో సుమారు నాలుగో వంతు దక్షిణాదివారు. విశాఖపట్నం, గోదావరి, కృష్ణా, ఉత్తర ఆర్కాటు జిల్లాల మన పల్లెల వాళ్లు అందులో ఉన్నారు. ఐదేళ్ల అగ్రిమెంటు వాళ్ల నోట్లో గిర్మిట్ అయింది. గడువు తీరాక ఎక్కువమంది అక్కడే ఉండిపోయారు.

ఇక్కడ ఒక మాట న్యాయంగా చెప్పాలి. గోర్డన్ విధానం మనవాళ్లకు చేటు చేసింది నిజమే, కానీ మూలవాసులను కాపాడింది కూడా అదే. పక్కనున్న హవాయిని చూడండి. చెరకు తోటల యజమానులు భూములు చేజిక్కించుకుని, 1893లో అక్కడి రాణిని దించి, 1898లో దేశాన్నే అమెరికాలో కలిపేశారు. ఫిజీ మూలవాసికి ఆ గతి పట్టలేదు. దేశంలో 80 శాతానికి పైగా భూమి ఇప్పటికీ వాళ్ల తెగలదే. దాన్ని కొనలేం, కౌలుకు మాత్రమే తీసుకోగలం. "భూమి పోతే మేం పోతాం" అనే వాళ్ల భయం ఎవరో రాజకీయ నాయకుడు కల్పించినది కాదు. తట్టు వ్యాధినీ, పొరుగు దీవుల గతినీ కళ్లారా చూసిన జాతికి కలిగిన భయం అది.

మరి నేల స్వభావం ఏమిటి? పెద్ద దీవి విటీ లెవులో తూర్పు వైపు వానలెక్కువ, పడమటి వైపు పొడి నేల. చెరకు పండేది పడమర బా, లౌటోకా, నాందీ ప్రాంతాల్లోనూ, రెండో పెద్ద దీవిలోని లంబాసా చుట్టుపక్కలా. కాబట్టి భారతీయులు అక్కడే గుమిగూడారు. దేశపు సంపద పుట్టేది పడమట, అధికారం మాత్రం తూర్పు దీవుల దొరల కుటుంబాలది. ఇలా చెమట ఒకరిది, భూమి ఒకరిది, పెత్తనం మరొకరిది అయిన చోట జనాభా లెక్క అంటే బళ్లో చెప్పే లెక్క లాంటిది కాదు, నిప్పు లాంటిది.

1946 జనగణనలో ఆ నిప్పు రాజుకుంది. భారతీయులు 1 లక్షా 20 వేలు, మూలవాసులు 1 లక్షా 18 వేలు. తేడా రెండు వేలే! కానీ ఆ రోజు నుంచి ఫిజీ రాజకీయమంతా ఆ రెండు అంకెల చుట్టూనే తిరిగింది. 1966 నాటికి భారతీయులు సగం దాటారు. దీనికి తోడు రెండో ప్రపంచ యుద్ధంలో మూలవాసులు పెద్ద ఎత్తున సైన్యంలో చేరితే, తెల్లవాళ్లతో సమానమైన జీతం ఇస్తేనే చేరతామని మనవాళ్లు పట్టుబట్టారు. ఆ డిమాండు న్యాయమైనదే. ఫలితం మాత్రం, తరవాత కాలంలో దేశపు సైన్యం దాదాపు పూర్తిగా ఒక్క జాతిదే అయింది. పొలంలో మనం, బడిలో మనం, కోర్టులో మనం, దుకాణంలో మనం. బ్యారక్స్‌లో మాత్రం మనం లేము.

ఇక నియమాల సంగతి. 1929లో భారతీయులకు మొదటిసారి ఎన్నికల హక్కు ఇచ్చినప్పుడు బ్రిటిష్ వాళ్లు జాతికో ఓటర్ల జాబితా పెట్టారు. గెలిచిన ముగ్గురు భారతీయ సభ్యులు అందరికీ ఒకే జాబితా కావాలని తీర్మానం పెట్టి, అది ఓడిపోగానే సభ నుంచి బయటికి నడిచారు. ఆ తరవాత నలభై ఏళ్లు మనవాళ్లు అడిగింది అదే. 1970లో స్వాతంత్ర్యం వచ్చినప్పుడు కూడా అది దక్కలేదు. 52 సీట్లలో మూలవాసులకు 22, భారతీయులకు 22, నూటికి నలుగురైదుగురు ఉన్న తెల్లవాళ్లు, చైనీయులు తదితరులకు 8! జాతికో జాబితా ఉన్నప్పుడు నాయకుడికి పక్క జాతి ఓటుతో పనేముంది? తన జాతిని భయపెడితే చాలు, గెలుస్తాడు. 1975లో ఒక సభ్యుడు భారతీయులందరినీ ఇండియాకు పంపించెయ్యాలని ఏకంగా పార్లమెంటులోనే తీర్మానం పెట్టాడు.

1977 ఏప్రిల్ ఎన్నికల్లో భారతీయుల పార్టీ అయిన నేషనల్ ఫెడరేషన్ పార్టీ 52లో 26 సీట్లు గెలిచి అందరికన్నా పెద్ద పార్టీగా నిలిచింది. అప్పుడైనా ప్రభుత్వం వచ్చిందా? నాయకుడెవరు, మంత్రులెవరు అని లోపల్లోపల కుమ్ములాడుకుంటూ రోజులు గడిపారు. ఈలోగా గవర్నర్ జనరల్ పాత ప్రధానినే మళ్లీ కూర్చోబెట్టాడు. అదే ఏడు సెప్టెంబరులో మళ్లీ ఎన్నికలొస్తే పార్టీ రెండు ముక్కలై, రెండు గుర్తుల మీద పోటీ చేసి, 15 సీట్లకు పడిపోయింది. చేతికందిన కూడు నోటికందకపోవటం అంటే ఇదే. ఇందులో బ్రిటిష్ వాడి తప్పేమీ లేదు. (మన సంఘాల ఎన్నికలు చూసినవారికి ఇది మరీ వింతగా అనిపించదనుకుంటాను!)

1987లో మాత్రం ఒక కొత్త ప్రయత్నం జరిగింది. లేబర్ పార్టీ, ఫెడరేషన్ పార్టీ కలిసి 28 సీట్లు గెలిచాయి. ప్రధాని అయిన డాక్టర్ టిమోచీ బవాంద్రా మూలవాసి, అదీ పడమటి ప్రాంతపు మనిషి. అంటే ఆ గెలుపు భారతీయుల గెలుపు మాత్రమే కాదు, తూర్పు దొరల పెత్తనంతో విసిగిన పడమటి మూలవాసుల గెలుపు కూడా. తలల లెక్కనూ నేల లెక్కనూ ఒకటిగా కలిపిన మొదటి ప్రభుత్వం అది. నెల రోజులకే, మే 14న, లెఫ్టినెంట్ కర్నల్ సితివెని రబూకా సైనికులతో పార్లమెంటులోకి నడిచి వచ్చి దాన్ని కూలదోశాడు. బ్యారక్స్‌లో లేని సంఖ్య బ్యాలెట్‌లో ఎంత ఉన్నా ఏమయిందో చూడండి. 1990 రాజ్యాంగం 70 సీట్లలో 37 మూలవాసులకు కేటాయించి, ప్రధాని పదవిని కూడా వాళ్లకే రిజర్వు చేసింది.

అప్పుడు మొదలయింది అసలు వలస. డాక్టర్లు, టీచర్లు, అకౌంటెంట్లు ఆస్ట్రేలియా, న్యూజీలాండ్, కెనడా, అమెరికా దారి పట్టారు. లక్షకు పైగానే వెళ్లిపోయారని అంచనా. 1986లో 48.7 శాతం ఉన్న భారతీయులు 2007 నాటికి 37.5 శాతానికి దిగిపోయారు. చదువుకున్నవాడు విమానం ఎక్కాడు. కౌలు రైతు ఎక్కడికి పోతాడు? 1997 నుంచి వేల కొద్దీ కౌళ్ల గడువు తీరుతూ వచ్చింది. తాత నాటి నుంచి చెరకు వేసిన నేల వదిలి ఎన్నో కుటుంబాలు రాజధాని సువా చుట్టూ ఉన్న గుడిసెల్లోకి చేరాయి. 1999లో మహేంద్ర చౌధురి మొదటి భారతీయ ప్రధాని అయ్యాడు. ఏడాది తిరిగేసరికి, 2000 మే 19న, జార్జ్ స్పైట్ సాయుధులతో వచ్చి ఆయన్నీ సహచరులనూ 56 రోజులు బందీలుగా పెట్టాడు. ఈ వాక్యం చదువుతున్న మనం అందరం విమానం ఎక్కినవాళ్లమే. ఏ దేశంలోనైనా గొడవ వస్తే మన దగ్గర ఇంకో టికెట్ ఉంటుంది. మనలాంటివాళ్లు చేసే రాజకీయపు ఖర్చు ఎప్పుడూ టికెట్ లేనివాడే చెల్లిస్తాడు. ఇది మనం మరిచిపోకూడదు.

మారిషస్‌ను పక్కన పెట్టి చూస్తే విషయం ఇంకా తేటపడుతుంది. అదే చెరకు, అదే సామ్రాజ్యం, అవే ఓడలు, కొన్నాళ్లు అదే గోర్డన్! అక్కడా తెలుగువాళ్లున్నారు. కానీ ఆ దీవికి మూలవాసులంటూ ఎవరూ లేరు, భూమికి తెగల తాళం లేదు. భారత సంతతి జనాభాలో మూడింట రెండు వంతులు. స్వాతంత్ర్యానికి ముందూ, 1999లోనూ అక్కడా అల్లర్లు జరిగాయి, కానీ 1968 నుంచి తుపాకీతో ప్రభుత్వం మారలేదు. సంఖ్య కుదిరింది కాబట్టే ఇలా అయిందనుకుంటే సగమే అర్థమైనట్టు. ఓడిన వర్గాలకు అదనంగా 8 సీట్లిచ్చే పద్ధతి ఒకటి వాళ్లు పెట్టుకున్నారు. జనగణనలో వర్గం అడగటం మానేసిన తరవాత కూడా ఆ సీట్లకు 1972 నాటి లెక్కలనే వాడుతూ వచ్చారు. లెక్కను అక్కడే ఆపేశారు, తలుపు మాత్రం తెరిచి ఉంచారు.

మన దేశంలో జరిగిందీ అలాంటిదే కదా! జనాభాను అదుపు చేసిన రాష్ట్రాలు నష్టపోకూడదని 1976లో లోక్‌సభ సీట్ల పంపకాన్ని 1971 లెక్కల దగ్గర ఆపారు. 2001 నాటి 84వ సవరణ ఆ గడువును మరో పాతికేళ్లు పొడిగించింది. సీట్ల పునర్విభజన మాట వచ్చినప్పుడల్లా దక్షిణాది తెలుగువాడికి కలిగే గుబులు, 1946లో ఫిజీ మూలవాసికి కలిగిన గుబులు ఒకే రకానివి. అక్కడ మనం ఎక్కువైన పక్షం, ఇక్కడ తక్కువయ్యే పక్షం. రెండు వైపులా నిలబడి చూస్తే గానీ న్యాయం ఏమిటో తెలియదు.

నేనుండే కాలిఫోర్నియాలో ఫిజీ నుంచి వచ్చినవాళ్లు చాలామంది ఉన్నారు. ఒక కిరాణా కొట్టు యజమాని ఇంటిపేరు నాయుడు. తెలుగు రాదు, మాట్లాడేది ఫిజీ హిందీ. తెలుగువాళ్లు అక్కడ 1941లోనే తమకంటూ దక్షిణ ఇండియా ఆంధ్ర సంగం పెట్టుకున్నారని నేనంటే ఆయన నవ్వి, "సంఘాలు చాలా ఉండేవి, పొరుగువాళ్లే తక్కువ" అన్నాడు. నేను చదివిన పుస్తకాలన్నీ ఆ ఒక్క మాటలో ఉన్నాయి.

2013 రాజ్యాంగం ఫిజీలో జాతుల జాబితాలు తీసేసి అందరికీ ఒకే జాబితా పెట్టింది. 1929లో ముగ్గురు అడిగింది 84 ఏళ్లకు వచ్చింది, అదీ 2006 సైనిక కుట్రతో గద్దెనెక్కిన బైనిమరామా ప్రభుత్వం చేతుల మీదుగా! 2017 జనగణనలో జాతుల అంకెలు బయటపెట్టలేదు. 2021లో ఒక సర్వేలో వాటిని ప్రచురించిన గణాంక శాఖాధిపతి పదవి కొద్దిరోజుల్లోనే ఊడింది. అంకె దాస్తే భయం పోతుందనుకోవటం పొరపాటే. కానీ ఉమ్మడి జాబితా పని చెయ్యటం మొదలయింది. 2022 డిసెంబరులో అదే రబూకా ప్రధాని కావటానికి నేషనల్ ఫెడరేషన్ పార్టీ మద్దతు అవసరమైంది. 2023 మే 14న, గిర్మిట్ దినం నాడు, ఆయన 1987 కుట్రకు బహిరంగంగా క్షమాపణ అడిగాడు. ఓటు కావలసినవాడే క్షమాపణ అడుగుతాడు.

మిత్రులారా, మన సంఖ్య పెరుగుతోంది, ఇంకా పెరుగుతుంది. దాన్ని డప్పు కొట్టి చాటటం కన్నా ముందు మూడు పనులు చెయ్యాలి. ఒకటి, మనం ఉండే ఊరి స్కూలు బోర్డు, సిటీ కౌన్సిల్ లాంటి చోట్ల మన సమస్యలకే కాక పొరుగువాడి సమస్యలకూ నిలబడాలి. రెండు, మనం కొన్న ఇళ్ల వల్ల, మన ఉద్యోగాల వల్ల పాత కాపురస్థులకు కలిగే భయాన్ని ఎగతాళి చెయ్యకుండా వినాలి, ఆ భయంలో నిజమెంతో తేల్చుకోవాలి. మూడు, కులానికో సంఘం, ప్రాంతానికో సంఘం పెట్టి మన జాబితాలు మనమే చీల్చుకోవటం ఆపాలి. ఫిజీలో జాబితాలు చీల్చినవాడు తెల్లదొర. ఇక్కడ ఆ పని మనకు ఎవరూ చెప్పలేదు, మనంతట మనమే చేసుకుంటున్నాం.

తలలు లెక్కపెట్టుకోవటం తేలికే. మన తల పక్కనున్న తల ఏమనుకుంటోందో కూడా తెలుసుకుంటేనే ఆ లెక్క మనకు పనికొస్తుంది.