ఎద్దు నడక చూస్తాం, బిడ్డ నడక చూడమా?

సంతలో ఎద్దును కొనబోయే రైతు ముందు పళ్ళు చూస్తాడు. తరువాత దాన్ని నాలుగడుగులు నడిపించి చూస్తాడు. వెనక కాలు ఈడుస్తున్నదా, గిట్ట నేలకు సరిగా ఆనుతున్నదా, మలుపు తిరిగేటప్పుడు తడబడుతున్నదా అని పరికిస్తాడు. మెడ యెంత బలంగా వున్నా నడకలో తేడా కనిపిస్తే బేరం వదులుకొని ఇంటిదారి పడతాడు. ఆ రైతే తన కొడుకు మిలటరీ సెలక్షనుకు పోతానంటే తెల్లవారుజామున లేపి రోడ్డు మీదికి పంపిస్తాడు. వాడి చీలమండ వంగుతున్నదో లేదో, పరుగులో మోకాలు లోపలికి వాలుతున్నదో లేదో చూసేవారు ఇంట్లోనూ లేరు, బడిలోనూ లేరు.

శ్రీకాకుళం జిల్లాలో ఇది చిన్న విషయం కాదు. సైన్యంలోనో పోలీసు శాఖలోనో చేరి ఇంటిని నిలబెట్టాలనుకునే కుర్రవాళ్ళు ఇక్కడ ప్రతి పల్లెలోనూ వున్నారు. 2022లో వచ్చిన అగ్నిపథ్ పథకంలోనైనా సరే, 1600 మీటర్లు పరుగెత్తాలి, బారు పట్టుకొని గడ్డం పైకి వచ్చేలా లేవాలి, 9 అడుగుల గొయ్యి దూకాలి, వంకరటింకర దూలం మీద పడిపోకుండా నడవాలి. కానిస్టేబులు ఉద్యోగానికీ 1600 మీటర్ల పరుగు తప్పదు. రాతపరీక్ష గట్టెక్కిన కుర్రవాడు సరిగ్గా పరుగుపందెం నెలలో కాలి ముందు ఎముక నొప్పితోనో, తొడ వెనక పట్టేసిందనో మంచం యెక్కితే, పోయేది ఒక్క పరుగు కాదు. చదివిన చదువూ, పెట్టిన ఖర్చూ, తిరిగిరాని ఒక యేడాది వయస్సూ పోతాయి. సంక్రాంతి కబడ్డీ పోటీలలో మోకాలు మెలిపడిన వాడికైతే, కప్పు యెవరికి వచ్చిందన్న సంగతి ఆసుపత్రి ఖర్చు ముందు గుర్తుకే రాదు.

ఇన్ని జరుగుతున్నా ఊళ్ళో వినిపించే సలహా ఒక్కటే: ఇంకా పరుగెత్తు, ఇంకా గుంజీలు తియ్యి. ఈ సలహా సగమే సరైనది. శరీరం యెక్కడ వంగడం లేదో ముందు చూసి, ఆ లోపాన్ని సరిదిద్ది, ఆపైన బలమూ వేగమూ పెంచాలి. ఇదేమీ పట్టణాలలో డబ్బున్నవారి ముచ్చట కాదు. దీనికి కావలసింది ఒక గోడ, ఒక మంచం, ఒక మెట్టు, చూసే కన్ను.

ఒక కీలు మొరాయిస్తే

జోడెడ్లలో ఒకటి మందగిస్తే బరువు రెండోదాని మెడ మీద పడుతుంది. శరీరంలోనూ అంతే. పరుగులో పాదం నేలకు ఆనినప్పుడు మోకాలు పాదం మీదుగా ముందుకు వంగాలి. ఆ వంపు చీలమండ దగ్గర రావాలి. అక్కడ బిగుసుకొని వుంటే శరీరం ఆగిపోదు, దొంగదారి వెతుక్కుంటుంది. మడమ ముందే లేస్తుంది, పాదం లోపలికి వాలుతుంది, మోకాలు కూడా దానితో పాటు లోపలికి పోతుంది. ఒక అడుగుకైతే ఇది లెక్కలోకి రాదు. 1600 మీటర్ల పరుగులో వెయ్యికి పైగా అడుగులు పడతాయి. రోజూ పరుగెత్తే వాడి కాలి ముందు ఎముకా మోకాలి చిప్పా ఆ భారాన్ని యెన్నాళ్ళని మోస్తాయి?

తుంటి సంగతీ ఇటువంటిదే. తొడ వెనక్కు పూర్తిగా సాగకపోతే అడుగు పొట్టిదవుతుంది, లేకుంటే నడుము వంకర తిరిగి ఆ కొరత తీరుస్తుంది. కబడ్డీలో కూతకు పోయినవాడు నేలకు దగ్గరగా వంగి, ఒక్క క్షణంలో పక్కకు తిరిగి గీత అందుకోవాలి. తుంటీ చీలమండా సహకరించనివాడు నడుముతో వంగుతాడు, మోకాలితో తిరుగుతాడు. మోకాలు ముందుకూ వెనక్కూ వంగడానికి పుట్టిన కీలు. దానిచేత గిరగిరా తిరిగే పని చేయిస్తే లోపలి లిగమెంటు తెగే ప్రమాదం వుంది.

ఈ జిల్లా బిడ్డ కరణం మల్లీశ్వరిని తలచుకొంటే విషయం ఇంకా తేటపడుతుంది. ఊసవానిపేట నుంచి వెళ్ళిన ఆమె 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల తరగతిలో మొత్తం 240 కిలోలు యెత్తి కంచు పతకం తెచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారత మహిళ ఆమె. అందులో స్నాచ్ అనే పద్ధతిలో యెత్తినది 110 కిలోలు. ఆ పద్ధతిలో బరువును ఒక్క ఊపున తల మీదికి లాగుతూనే దాని కిందికి పూర్తిగా గొంతుకు కూర్చోవాలి. చీలమండ, తుంటి, వెన్ను, భుజం ఈ నాలుగూ సరిగా కదలకపోతే కండలో యెంత బలమున్నా ఆ బరువు తల మీద నిలవదు. బలం బయటికి రావాలంటే కీళ్ళు దారి ఇవ్వాలి.

పూర్వులకు ఈ పరీక్షలెక్కడివని పెద్దలు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. కాని పూర్వులు గట్టు మీద గొంతుకు కూర్చున్నారు, బాసిపట్టు వేసుకొని అన్నం తిన్నారు, తాటిచెట్లెక్కారు, బడికి నడిచి వెళ్ళారు. ఈనాటి కుర్రవాడు బడిలో బెంచీ మీద, ఇంట్లో కుర్చీలో, దారిలో మోటారు సైకిలు మీద, రాత్రి సెల్‌ఫోను ముందు వంగి కూర్చుంటున్నాడు. తాతకు రోజువారీ బతుకులోనే దొరికిన వంపును మనుమడు పనిగట్టుకొని సంపాదించుకోవలసి వస్తున్నది.

గోడ, మంచం, మెట్టు చాలు

మొదటి పరీక్ష గొంతుకు కూర్చోవడమే. రెండు చేతులతో ఒక కర్రను తల మీదికి యెత్తి పట్టుకొని, పాదాలు భుజాలంత వెడల్పున పెట్టి, నెమ్మదిగా పూర్తిగా కూర్చోవాలి. మడమలు లేస్తున్నాయా, మోకాళ్ళు లోపలికి పోతున్నాయా, కర్ర ముందుకు వాలుతున్నదా అన్నది యెదుట నిలబడినవారూ పక్కన నిలబడినవారూ గమనించాలి.

రెండవది గోడ పరీక్ష. పాదాన్ని గోడకు యెదురుగా పెట్టి, మడమ లేవకుండా మోకాలిని గోడకు తాకించాలి. తాకితే పాదాన్ని కొంచెం వెనక్కు జరపాలి. మడమ లేవకుండా మోకాలు తాకే చివరి చోట బొటనవేలికీ గోడకూ మధ్య దూరం కొలవాలి. నాలుగంగుళాలు, అంటే 10 సెంటీమీటర్లు వస్తే చాలామందికి సరిపోతుంది. కుడి కాలికీ యెడమ కాలికీ రెండు సెంటీమీటర్లకు మించి తేడా వుంటే దానిని రాసిపెట్టుకోవాలి.

మూడవది మంచం పరీక్ష. మంచం చివర వెల్లకిలా పడుకొని ఒక మోకాలిని రొమ్ముకు హత్తుకోవాలి. రెండో తొడ మంచానికి ఆనివుంటే సరి. గాలిలోకి లేస్తే తుంటి ముందు భాగం బిగిసిందని అర్థం. నేల మీద పడుకొని మోకాలు వంచకుండా కాలు పైకి యెత్తిస్తే తొడ వెనక కండరం సంగతీ తెలుస్తుంది. జనం నరం పట్టిందని చెప్పుకొనేది చాలాసార్లు ఈ కండరాన్నే.

నాలుగవది మెట్టు పరీక్ష. మెట్టు మీద ఒంటికాలి మీద నిలబడి రెండో మడమ నేలకు తాకేలా నెమ్మదిగా దిగాలి. బరువు మోస్తున్న మోకాలు బొటనవేలి లోపలి వైపుకు వాలితే తుంటి పక్క కండరాలకు పట్టు చాలదన్నమాట. వాలీబాల్ ఆడేవారూ బంతి విసిరేవారూ అదనంగా ఒక చేతిని భుజం మీదుగా, రెండోదానిని నడుము నుంచి పైకి వీపు వెనకకు పోనిచ్చి, రెండు పిడికిళ్ళ మధ్య దూరం చూసుకోవాలి. ఈ పరీక్షలన్నిటిలోనూ నొప్పి వచ్చినచోట ఆపాలి.

సరిదిద్దే వ్యాయామం

లోపం తెలిశాక వైద్యం తేలికే, కాని ఓపిక కావాలి. వరుస తప్పరాదు. ముందు కీలు కదలాలి, తరువాత ఆ కదలికలో పట్టు రావాలి, చివరకే బరువూ వేగమూ. చీలమండ బిగిసినవారికి గోడ పరీక్షే వ్యాయామం. మడమ లేవకుండా మోకాలిని గోడ వైపు పదిహేనుసార్లు నడిపి, రెండు కాళ్ళకూ రెండు విడతలు చేయాలి. ఆపైన మెట్టు అంచున మునివేళ్ళ మీద లేచి, నెమ్మదిగా మడమను మెట్టు కంటె కిందికి దింపాలి. పిక్క సాగుతుంది, గట్టిపడుతుంది.

తుంటి బిగిసినవారు ఒక మోకాలు నేలకానించి, పిరుదు బిగించి, నడుము వంచకుండా శరీరాన్ని కొద్దిగా ముందుకు జరిపి అరనిమిషం వుండాలి. ఆ వెంటనే వెల్లకిలా పడుకొని మోకాళ్ళు వంచి పిరుదులు పైకి యెత్తే వ్యాయామం చేయాలి. సాగదీసి వదిలిపెడితే పాత బిగువు తిరిగివస్తుంది. మోకాలు లోపలికి వాలేవారు మెట్టు దిగడాన్నే రోజూ నెమ్మదిగా, మోకాలు వేళ్ళ వరుసలో వుండేలా సాధన చేయాలి. తొడ వెనక కండరానికి ఇద్దరు కావాలి. ఒకడు మోకాళ్ళ మీద నిలబడితే రెండోవాడు అతడి చీలమండలు పట్టుకొంటాడు. మొదటివాడు నడుము వంగకుండా వీలైనంత నెమ్మదిగా ముందుకు వాలి చేతుల మీద పడతాడు. నార్డిక్ వ్యాయామంగా పేరుపొందిన ఇది క్రమంగా చేసిన జట్లలో తొడ వెనక కండరం దెబ్బలు సుమారు సగానికి తగ్గినట్లు యెన్నో పరిశీలనలలో తేలింది. మొదట వారానికొకసారి అయిదేసి చాలు, తొందరపడితే ఒళ్ళునొప్పులే మిగులుతాయి.

ఇవన్నీ కలిపి రోజుకు పదిహేను నిమిషాలు. ఆరు వారాలయ్యాక మళ్ళీ అదే గోడ, అదే కొలత. పెరిగితే కొనసాగించాలి, పెరగకపోతే వ్యాయామం మార్చాలి. ఇంకొక మాట. పరుగుకు ముందు కదలకుండా నిమిషాల తరబడి కాళ్ళు సాగదీయడం వేగాన్ని కొంత తగ్గిస్తుంది. అప్పుడు నడక, మెల్లని పరుగు, కాళ్ళు ఊపడం మంచివి. నిలబడి సాగదీయడం ఆట ముగిశాక చేసుకోవచ్చు.

జాతకం కాదు

ఈ పరీక్షలు రేపు యెవరికి దెబ్బ తగులుతుందో చెప్పే జాతకాలని నమ్మితే పొరపాటు. అమెరికాలో గ్రే కుక్, లీ బర్టన్ అనేవారు ఏడు కదలికలకు మూడేసి మార్కులు చొప్పున 21 మార్కుల పరీక్ష తయారుచేశారు. 14కు మించనివారికి దెబ్బలు యెక్కువని 2007లో ఒక పరిశీలన చెప్పింది. తరువాతి పరిశీలనలు ఆ మాటను అంతగా బలపరచలేదు. పాత దెబ్బ పూర్తిగా మానకపోవడం, నోటిఫికేషన్ రాగానే రెండు కిలోమీటర్ల వాడు పది కిలోమీటర్లు మొదలుపెట్టడం, నిద్ర చాలకపోవడం కూడా దెబ్బలకు దారులే. కాబట్టి కొలతలు లోపం చూపే అద్దంగా పనికివస్తాయి. తక్కువ మార్కులొచ్చిన పిల్లవాడిని జట్టులోంచి తీసివేయడానికి వాటిని వాడడం అన్యాయం.

సరైన వ్యాయామం ఫలితమిస్తుందనడానికి మాత్రం నిదర్శనం వుంది. నార్వేలో ఫుట్‌బాల్ ఆడే బాలికల చేత సాధనకు ముందు ఇరవై నిమిషాల పాటు పరుగు, బలం, నిలకడ, సరిగా దూకి దిగడం చేయించగా మొత్తం దెబ్బలు సుమారు మూడోవంతు తగ్గాయని 2008లో వెల్లడయింది. ఆడపిల్లలకు మోకాలి లిగమెంటు తెగే ప్రమాదం మగపిల్లల కంటె యెక్కువ. ఈ సంగతి విని ఆడపిల్లకు ఆటలెందుకని తల్లిదండ్రులు ఇంట్లో కూర్చోబెట్టరాదు. దూకినప్పుడు మోకాళ్ళు వంచి మెత్తగా దిగడం నేర్పించాలి.

చేయవలసింది

జూన్‌లో బడులు తెరిచిన మొదటి పక్షంలో వ్యాయామోపాధ్యాయులు ఒక నోటుబుక్కు తెరిచి ప్రతి క్రీడాకారుడి నాలుగు కొలతలూ రాయాలి. సంక్రాంతి సెలవుల ముందు మళ్ళీ కొలవాలి. ఖర్చు ఒక టేపు, ఒక నోటుబుక్కు. డ్రిల్లు పీరియడును లెక్కల పీరియడుగా మార్చే ప్రధానోపాధ్యాయులు ఆ అలవాటు మానుకోవాలి. పండుగ పోటీలకు చందాలు పోగుచేసి షీల్డులు కొనే యువజన సంఘాలవారు మొదటి ఆటకు ముందు రెండు జట్లచేతా ఇరవై నిమిషాలు ఒళ్ళు వేడెక్కించే నియమం పెట్టుకోవచ్చు. జిల్లా వైద్యాధికారులు ఫిజియోథెరపీ తెలిసినవారిని నెలకొకసారైనా మండల కేంద్రానికి పంపే యేర్పాటు చేస్తే, నొప్పితో ఆడుతున్న పిల్లలు నాటుకట్లతో కాలక్షేపం చేయవలసిన అవసరం తప్పుతుంది. వాపు వున్నా, రాత్రి నిద్రలో నొప్పి లేపినా, మోకాలు ఉన్నట్టుండి ఇరుక్కుపోయినా వ్యాయామం ఆపి వైద్యుడి దగ్గరకు పోవలసిందే.

అంతవరకు తండ్రులు యెవరి కోసమూ యెదురుచూడనక్కరలేదు. రేపు తెల్లవారుజామున కొడుకునో కూతురినో రోడ్డు మీదికి పంపేముందు ఒక్కసారి గోడ దగ్గర నిలబెట్టి మోకాలు వంచమనండి. సంతలో ఎద్దును చూసే కన్ను ఇంట్లో ముందే వుంది. దానిని బిడ్డ వైపు తిప్పడమే మిగిలింది.